నాలుగు డిస్కుల హోమ్ సర్వర్‌కి ఏ పవర్ సప్లై మేలు: బయటి అడాప్టరా, ఎస్ఎఫ్ఎక్సా?

చిన్న హోమ్ సర్వర్ (ఇంట్లో ఫైళ్ళు, సినిమాలు దాచుకోడానికి రోజంతా నడిచే కంప్యూటర్) పెట్టుకుందామనుకునే వాళ్ళు ముందు ప్రాసెసర్ చూస్తారు, తర్వాత బోర్డు, ఆ తర్వాత అరలో ఇమిడిపోయే చిన్న కేబినెట్. పవర్ సప్లై సంగతి అన్నిటికన్నా చివర్న, మిగిలిన డబ్బుతో. నేనూ అలాగే కొన్నాను, తర్వాత చాలా ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ముందు ఒకటే అడుగుతాను: 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు ఎన్ని పెడతారు?

ఎందుకంటే అలాంటి డిస్క్ మామూలుగా తిరుగుతున్నప్పుడు 4 నుంచి 8 వాట్లతో సరిపెట్టుకుంటుంది గానీ, ఆగి ఉన్నది తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైన్ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 24 వాట్లు. నాలుగు డిస్కులైతే 96 వాట్లు, అదీ బోర్డు, ప్రాసెసర్ మేల్కొంటున్న సమయంలోనే. నా దగ్గర పికో పీఎస్‌యూ, అంటే బయటి అడాప్టర్‌తో నడిచే చిన్న పవర్ సప్లై, దానికి 120 వాట్ల అడాప్టర్ ఉండేవి. మీటర్ పెట్టి చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు 40 వాట్లే చూపించేది కాబట్టి దానిమీద నాకు అనుమానమే రాలేదు. స్విచ్ వేస్తే ఒకసారి బాగానే లేచేది, ఇంకోసారి మధ్యలో రీస్టార్ట్ అయ్యేది, ఒక్కోసారి ఒక డిస్క్ కనిపించకుండా పోయేది. రెండు వారాలు ర్యామ్‌నే అనుమానించాను, మార్చి కూడా చూశాను, డేటా ఏమైపోతుందోనని ఒకటే టెన్షన్. చివరికి రెండు డిస్కులు పీకేస్తే ఆ రోజు నుంచి ఒక్క రీస్టార్ట్ లేదు.

అలాగని పికో చెడ్డదని కాదు. అది బోర్డు మీది 24 పిన్నుల సాకెట్‌లో నేరుగా కూర్చునే చిన్న ముక్క. ఫ్యాన్ ఉండదు, చప్పుడు ఉండదు, కేబినెట్‌లో చోటు తినదు, తక్కువ లోడ్ దగ్గర వృథా కూడా తక్కువే. కాకపోతే మామూలు మోడళ్ళలో 12 వోల్టులు అడాప్టర్ నుంచి ఎలా వస్తే అలాగే లోపలికి పోతాయి, పికో మార్చేది 5, 3.3 వోల్టుల లైన్లనే. కాబట్టి అడాప్టర్ నాసిరకమైతే మీ డిస్కులకు అందే కరెంటూ నాసిరకమే. పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఖాళీగా ఉంది కదా అని తగిలించకండి, అది 19 వోల్టులు. దాన్ని తీసుకోగల మోడళ్ళు వేరే ఉన్నాయి.

ఎస్ఎఫ్ఎక్స్ అంటే కేబినెట్ లోపలే బిగించే చిన్న సైజు పవర్ సప్లై, కొలత 125 × 100 × 63.5 మిల్లీమీటర్లు. చిన్నదే గానీ మినీ ఐటీఎక్స్ అనే చిన్న బోర్డుల కేబినెట్లన్నిట్లో పట్టదు. దీనికున్న లోపం వేరు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గోల్డ్ బ్యాడ్జ్ అట్టపెట్టె మీద చూసి మురిసిపోతాం, కానీ ఆ పరీక్ష చేసేది 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర. 450 వాట్ల సప్లైకి 20 శాతం అంటే 90 వాట్లు, మన సర్వర్ రోజంతా ఉండేది 25, 40 వాట్ల మధ్య. అక్కడ అది ఎంత వృథా చేస్తుందో ఆ బ్యాడ్జ్ చెప్పదు. కొనేముందు తక్కువ లోడ్ దగ్గర కొలిచిన అంకెలున్న రివ్యూ వెతకండి. 5 వాట్లు ఎక్కువ తిన్నా 24 గంటలూ నడిచే మెషిన్ కాబట్టి ఏడాదికి దాదాపు 44 యూనిట్లు. నాలుగు డిస్కులున్న వాళ్ళకి ఆ 44 యూనిట్లు పోయినా ఫర్వాలేదంటాను నేను, అవి నమ్మకం కోసం కట్టే ఖర్చు. ఒకటో రెండో డిస్కులున్న వాళ్ళకి మాత్రం అనవసరం.

ఫ్లెక్స్ ఏటీఎక్స్ అని ఇంకో సన్నటి రకం ఉంది. అందులోది 40 మిల్లీమీటర్ల ఫ్యాన్, వేగంగా తిరిగితే కీచుమంటుంది. పడుకునే గదిలో పెట్టేట్టయితే వద్దు.

ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ వాళ్ళ ఎన్100కీ ఐ3-12100కీ మధ్య జనం కొట్టుకుంటున్నంత తేడా కరెంటులో లేదు. కాగితం మీద ఒకటి 6 వాట్లు, ఇంకొకటి 60 వాట్లు, కానీ అవి పని చేస్తున్నప్పటి లెక్కలు. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ దాదాపు నిద్రపోతాయి, తేడా తెచ్చేది ఎక్కువగా బోర్డు, దానికి తగిలించిన కార్డులు. పాత సర్వర్ నుంచి పీకిన, డిస్కులు తగిలించే కార్డ్ పెడితే అదొక్కటే 10 వాట్ల దాకా తినగలదు, పైగా ప్రాసెసర్‌ని గాఢంగా నిద్రపోనివ్వకపోవచ్చు. ఎన్100కి ఉన్నవి 9 పీసీఐఈ లేన్లే (కార్డుల్లాంటివి తగిలించే దారులు), మెమరీ ఒకే చానల్. ఫైళ్ళు, ఫోటోలు, సినిమాల వరకైతే అది చాలు. రెండు మూడు వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరు కంప్యూటర్లు) నడపాలనుకుంటే ఐ3 తీసుకోండి.

ఏది తీసుకున్నా కేబుళ్ళ దగ్గర కక్కుర్తి వద్దు. డిస్కుకి కరెంటు అందించే ఒక సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు, మొత్తం 4.5. దాన్ని చీల్చి రెండు పెద్ద డిస్కులు పెడితే 4 దాకా పోతుంది, మూడోది పెడితే దాటిపోతుంది. పికోకి సాధారణంగా వచ్చేవి ఒకటి రెండు కనెక్టర్లే కాబట్టి చాలామంది ఈ పొరపాటే చేస్తారు. మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కేబుళ్ళలో ప్లాస్టిక్ పోతపోసినవి లోపల షార్ట్ అయ్యి కాలిపోయిన సందర్భాలున్నాయి, వైర్లు విడివిడిగా కనిపించే రకమే కొనండి. ఇక మాడ్యులర్ సప్లై (కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే రకం) అయితే దానితో వచ్చిన కేబుళ్ళే వాడాలి. ఇంకో సప్లైవి సాకెట్‌లో చక్కగా పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, అప్పుడు ఒక్క స్విచ్‌తో డిస్కులన్నీ పోతాయి.

నా నాలుగు డిస్కులు ఇప్పుడు 450 వాట్ల ఎస్ఎఫ్ఎక్స్ మీద, ఐ3 బోర్డుతో నడుస్తున్నాయి. ఆ పికో, 120 వాట్ల అడాప్టర్ కూడా వృథా కాలేదు, రెండు ఎస్ఎస్‌డీలున్న ఎన్100 బోర్డుకి పెట్టాను, అక్కడ హాయిగా పని చేస్తున్నాయి.