తక్కువ బరువు బిడ్డకు మడమ రక్త పరీక్ష: ఒక్కసారా, ఆగి తీయడమా, విడతలుగానా?

నెలలు నిండి మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ విషయంలో ఈ ప్రశ్న రాదు. పుట్టుకతో వచ్చే జబ్బులను లక్షణాలు బయటపడకముందే పట్టుకునే ఈ పరీక్షకు, పుట్టిన 24 గంటలు దాటాక, 72 గంటల లోపు మడమ మీద చిన్నగా పొడిచి, నాలుగైదు రక్తపు బొట్లను ప్రత్యేకమైన వడపోత కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపితే చాలు. బరువు 2500 గ్రాములకు తగ్గినప్పుడు, అందులోనూ 1500 గ్రాములకు తగ్గి బిడ్డ ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల అత్యవసర చికిత్స విభాగంలో) ఉన్నప్పుడు, మూడు దారులు కనిపిస్తాయి: అందరికీ తీసినట్టే ఒక్కసారి తీయడం, బిడ్డ తేరుకుని పాలు తాగేదాకా ఆగడం, విడతలుగా తీయడం.

వీటిలో చూడగానే సబబుగా తోచేది ఆగడమే. కొవ్వు ఆమ్లాల జీవక్రియ లోపాలకు, అంటే శరీరం కొవ్వును పూర్తిగా కరిగించి శక్తిగా మార్చుకోలేని జబ్బులకు సంబంధించి నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైనది కూడా అదే. ఈ లోపాలున్న బిడ్డ శరీరం తన కొవ్వును కరిగించుకోవలసి వచ్చినప్పుడే, సగంలో ఆగిపోయిన కొవ్వు ముక్కలు, కొవ్వును మోసే కార్నిటైన్ అనే పదార్థానికి అతుక్కుని, ఎసైల్‌కార్నిటైన్లుగా రక్తంలో పేరుకుంటాయి. టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రం కొలిచేది వాటినే. పాలు సరిగా పడని మొదటి రెండు మూడు రోజుల్లో ఇవి బాగా పైకి లేస్తాయి, కడుపు నిండడం మొదలయ్యాక దిగిపోతాయి. పొడవాటి కొవ్వు ఆమ్లాలను కరిగించే ఎంజైము కొరవడే వీఎల్‌సీఏడీ లోపంలోనైతే సీ14:1 అనే ఎసైల్‌కార్నిటైన్ సూచిక మామూలు స్థాయికి వచ్చి, జబ్బు ఉన్న బిడ్డను లేనట్టే చూపించవచ్చు. పైగా తక్కువ బరువు బిడ్డకు ఒంట్లో కొవ్వు, తల్లి నుంచి చేరే కార్నిటైన్ రెండూ తక్కువే, ఎందుకంటే అవి ఎక్కువగా సమకూరేది గర్భం చివరి మూడు నెలల్లోనే. అలాంటి బిడ్డకు చక్కెర పడిపోతే బరువు తక్కువ కాబట్టి పడిపోయిందని అందరూ సరిపెట్టుకుంటారు, అసలు లోపం ఆ మాట వెనక దాక్కుంటుంది.

ఒక్కసారి తీసే పద్ధతికి వేరే చిక్కు ఉంది. నరం ద్వారా గ్లూకోజు ఎక్కుతుంటే కొవ్వు కరగదు కనుక, అంకెలు ఉండవలసినదానికంటే తగ్గి కనిపించవచ్చు. బరువు పెరగడానికి పాలలో ఎంసీటీ నూనె (మధ్యస్థ పొడవు కొవ్వు ఆమ్లాల నూనె) కలిపితే సీ8, సీ10 అనే సూచికలు పెరిగి, ఆ కొవ్వులను కరిగించే ఎంజైము కొరవడే ఎంసీఏడీ లోపం లేకపోయినా ఉన్నట్టు అనుమానం పుట్టిస్తాయి. కార్నిటైన్‌ను కణాల్లోకి చేర్చే వ్యవస్థలోనే లోపముంటే, తొలి రోజుల్లో తల్లి నుంచి వచ్చిన నిల్వ దాన్ని కప్పేస్తుంది.

అందుకే అమెరికాలో ప్రయోగశాల ప్రమాణాలను రూపొందించే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ 2009లో ఇలాంటి శిశువుల కోసం విడతల పద్ధతిని సూచించింది: ఎన్‌ఐసీయూలో చేర్చుకోగానే చికిత్సలకు ముందు ఒకటి, 48 నుంచి 72 గంటల మధ్య ఒకటి, 28వ రోజునో అంతకు ముందే ఇంటికి పంపేటప్పుడో మరొకటి. బ్రిటన్‌లో ప్రధాన నమూనా అయిదో రోజున తీస్తారు. 32 వారాలు నిండకుండా పుట్టినవారికి మళ్లీ తీసేది థైరాయిడ్ కోసమే. కొవ్వు ఆమ్లాల లోపాలను పట్టుకోవడానికి నేను అమెరికా వరుసనే మేలంటాను, ఒక షరతుతో. వీఎల్‌సీఏడీ విషయంలో మొదటి ఫలితం అనుమానం రేపాక రెండోది మామూలుగా వచ్చినంత మాత్రాన ఆ అనుమానాన్ని కొట్టేయకూడదు. ప్లాస్మా ఎసైల్‌కార్నిటైన్ పరీక్షకూ జన్యు పరీక్షకూ వెళ్లాలి.

మన దేశంలో అన్ని ఆసుపత్రులకూ వర్తించే జాతీయ కార్యక్రమం లేదు. అమెరికాలో ప్రసవమైన తెలుగు కుటుంబానికి అడగకుండానే జరిగే ఈ పరీక్షను, ఇక్కడ చాలాచోట్ల అడిగి, డబ్బు కట్టి చేయించుకోవాలి. ఒక్క పరీక్షకే స్తోమత ఉంటే 48 నుంచి 72 గంటల మధ్య నమూనాను ఎంచుకుని, బిడ్డకు ఏం ఎక్కిస్తున్నారో, ఏం తాగిస్తున్నారో కార్డు మీద రాయించాలి. పుట్టుక బరువు, గర్భవారాలు, రక్తమార్పిడి గడులు ఖాళీగా వెళ్లిన కార్డును ఎంత మంచి ల్యాబయినా సరిగా చదవలేదు. కాకినాడ, విశాఖ వంటి ఉక్కపోత ఊళ్లలో మరో జాగ్రత్త కావాలి: వేడీ తేమా కలిస్తే ఎసైల్‌కార్నిటైన్లు విడిపోతాయి కనుక, కార్డును నీడలో కనీసం మూడు గంటలు పరచి ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా పంపాలి.