గారెకు ఎ-వి, బూరెకు టి-ఓమెగా

విజయనగరంలో ఎం.టెక్ విద్యార్థులకు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (వస్తువునూ చుట్టూ గాలినీ చిన్న ముక్కల మెష్‌గా చేసి లెక్కగట్టడం) చెబుతుంటాను. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఏటా ఒకటే ప్రశ్న: "సార్, త్రీడీ ఎడ్డీ కరెంట్లకు ఎ-వి మేలా, టి-ఓమెగా మేలా?" ఎడ్డీ కరెంట్లంటే మారే అయస్కాంత క్షేత్రం వాహకంలో పుట్టించే సుడి కరెంట్లు. వాటిని లెక్కించడానికి ఎ-విలో అయస్కాంత సదిశ పొటెన్షియల్ ఎ, విద్యుత్ అదిశ పొటెన్షియల్ వి తెలియని రాశులు; టి-ఓమెగాలో విద్యుత్ సదిశ పొటెన్షియల్ టి, అయస్కాంత అదిశ పొటెన్షియల్ ఓమెగా.

కంప్యూటర్ మీద పడే బరువు చూస్తే టి-ఓమెగాదే పైచేయి. గాలిలో నోడుకు (మెష్ ముక్కల మూలకు) ఒక్క ఓమెగా చాలు, సదిశ టి వాహకం దాటి రాదు. ఎ మాత్రం గాలిలోనూ ప్రతి అంచు మీదా కూర్చుంటుంది. టెట్రాహెడ్రాల (నాలుగు ముఖాల ముక్కల) మెష్‌లో నోడుకు సుమారు 7 అంచులు. పైగా మెష్‌లో తరచూ గాలిదే పెద్ద వాటా.

అయినా నేను ముందు అడిగేది వేరు: మీ వాహకం కన్నమున్న గారెనా, కన్నంలేని బూరెనా?

బూరె అయితే టి-ఓమెగా హాయిగా వాడుకోండి. గారె అయితేనే చిక్కు. నిరుడు ఒక విద్యార్థి టీమ్ (TEAM) 7వ సమస్య తీసుకున్నాడు; ఇలాంటి లెక్కల పద్ధతుల్ని పరీక్షించే ప్రామాణిక సమస్యల్లో అదొకటి. 294 మి.మీ. చదరపు అల్యూమినియం పలక, 19 మి.మీ. మందం, ఒక మూలకు జరిగి 108 మి.మీ. చదరపు కన్నం, పైన 2742 ఆంపియర్-టర్న్‌ల కాయిల్. స్కిన్ డెప్త్ (కరెంటు లోహంలోకి దిగే లోతు) 50 హెర్ట్జ్ దగ్గర 12 మి.మీ., 200 దగ్గర 6. మెష్ పొరలు బాగానే వేశాడు, రంగుల బొమ్మ ముచ్చటగా వచ్చింది. కన్నానికీ పలక అంచుకూ మధ్య అడ్డకోతను దాటే కరెంటు ఎంతో కూడమన్నాను. సున్నా!

కన్నం చుట్టూ తిరగాల్సిన కరెంటు ఏమైనట్టు? గాలిలో ఓమెగాకు చోటుకొక్క విలువే ఇస్తే, ఆ కోతను చుట్టివచ్చే దారిలో అయస్కాంత క్షేత్రం కూడిక సున్నా అవుతుంది. ఆంపియర్ నియమం ప్రకారం లోపలి కరెంటూ సున్నాయే. పలకను అక్కడ రంపంతో చీల్చినట్టే. కన్నానికి అడ్డంగా తెర గీసి, దానికి ఇటూ అటూ ఓమెగాలో తేడా పెట్టాలి. లేదంటే కన్నంలో అతి తక్కువ వాహకత ఉన్న పదార్థం ఉందనుకోవాలి. ఒక్క కన్నమైతే సరే. మన బొబ్బిలి, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ కొలిమిలకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల ట్యాంకుల్లో బస్‌బార్లు (లావాటి కరెంటు పట్టీలు) బయటికొచ్చే కన్నాలన్నిటికీ ఎన్ని తెరలు గీస్తారు?

అందుకే నా మొగ్గు ఎ-వి వైపు, అదీ ఎను అంచుల మీద ఉంచే ఎడ్జ్ ఎలిమెంట్లతో. గేజ్ (ఎకు ఒకే విలువ వచ్చేలా బిగించే షరతు) లేకపోతే మాత్రిక సింగ్యులర్, అంటే జవాబు ఒక్కటే కాదు కదా అని బెదరకండి. కాయిల్ కరెంటు డైవర్జెన్స్ సున్నాగా ఉంటే (కరెంటు మధ్యలో ఎక్కడా పుట్టకుండా, మాయం కాకుండా ఉంటే) మెట్టుమెట్టుగా జవాబు వెతికే కాంజుగేట్ గ్రేడియంట్ సాల్వర్ దారిన పడుతుంది. కొన్ని అంచుల మీద ఎను సున్నా చేసే ట్రీ గేజ్ పెడితే రాశులు తగ్గినా ఇటరేషన్లు పెరుగుతాయి.

మిగతా పద్ధతుల సంగతి చూస్తే, ఉపరితలాలనే ముక్కలు చేసే బౌండరీ ఎలిమెంట్లకు గాలి మెష్ అక్కర్లేదు కానీ మాత్రిక సున్నాలు లేని నిండుకుండ, సంతృప్తమయ్యే ఇనుముతో ఇబ్బంది. నిలువు-అడ్డం గళ్ల మీద లెక్కగట్టే ఫైనైట్ డిఫరెన్స్ వంపుల్ని మెట్లుగా మారుస్తుంది, అంతే.

ఆ విద్యార్థి ఎ-వితో మళ్లీ మొదలుపెట్టాడు. కాయిల్ గుండ్రటి మూలల దగ్గర డైవర్జెన్స్ మిగిలిపోయి సాల్వర్ రెండు రోజులు మొండికేసింది. కరెంటును నేరుగా ఇవ్వకుండా ఇంకో సదిశకు కర్ల్‌గా (సుడిగా; దాని డైవర్జెన్స్ ఎప్పుడూ సున్నాయే) రాసి ఇచ్చాక దారికొచ్చింది. ఈసారి అడ్డకోత దగ్గర సున్నా రాలేదు.