బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కాపీలన్నీ ఒకే ప్రొడక్ట్ లైన్‌లోకి: ఫీచర్‌ఐడీఈ చాలాకాలం వాడాక

భీమవరంలో మాది చిన్న టీమ్. రైస్ మిల్లులకు, రొయ్యల మేత డీలర్లకు, అంబాజీపేట కొబ్బరి వ్యాపారులకు జావాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. కొత్త కస్టమర్ వస్తే పాత ఫోల్డర్ కాపీ చేసి, ఆయనకు కావలసినవి అందులో కలిపేవాళ్లం. రెండు మూడు కాపీల వరకు ఇంతకంటే త్వరగా పనయ్యే దారి లేదు. అసలు ఇబ్బంది ప్రభుత్వం రూలు మార్చిన రోజున తెలుస్తుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. వెంటనే 26 కిలోల బస్తాలు మొదలయ్యాయి. బస్తా బరువు చూసి పన్ను వేసే ఆ ఒక్క షరతును ప్రతి కాపీలోకీ వెళ్లి రాశాం. ఏ మిల్లులో బిల్లు తేడా వస్తుందోనని ఒకటే టెన్షన్. 2025 సెప్టెంబరు 22న శ్లాబులు మళ్లీ మారేసరికి మాత్రం ఒక్కచోట దిద్దితే సరిపోయింది. ఈ రెంటి మధ్యలో మేం కాపీలు మానేసి, ఒకే కోడ్ నుంచి ఎవరికి కావలసిన ఫీచర్లతో వారికి సాఫ్ట్‌వేర్ తీసే 'ప్రొడక్ట్ లైన్' పద్ధతికి, అందుకు పనికొచ్చే ఫీచర్‌ఐడీఈ అనే టూల్‌కి మారాం.

ఇది జావా కోడ్ రాసుకునే ఎక్లిప్స్ అనే ప్రోగ్రామ్‌లో నడిచే ఉచిత ప్లగిన్. జర్మనీలోని మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో పుట్టింది. సాఫ్ట్‌వేర్‌లో ఉండగల ఫీచర్లన్నీ ఇందులో చెట్టులా గీస్తాం. ఏది తప్పనిసరి, ఏది కావాలంటే పెట్టుకోవచ్చు, ఏ రెంటిలో ఒక్కటే ఉండాలి అన్నది అక్కడే గుర్తిస్తాం. 'కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ధర) ఉంటే కాటా తూకం కూడా ఉండాలి' లాంటి షరతులూ రాయొచ్చు. ఒకదానికొకటి పొసగని షరతులు పెడితే ఏ ఫీచర్ ఇక ఎవరికీ దక్కదో వెంటనే చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. కస్టమర్ ఫోన్‌లో అడిగింది కుదురుతుందో లేదో కోడ్ ముట్టుకోకుండానే చెప్పగలుగుతున్నాం.

అయితే అసలు శ్రమ చెట్టు గీయడంలో లేదు. పాత కాపీలను మెల్డ్‌లో (ఫైళ్ల మధ్య తేడాలు చూపే టూల్) పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు కుప్పలుగా బయటపడతాయి. వాటిలో కస్టమర్‌కు నిజంగా కావలసినవేవి, ఎవరో తొందరలో చేసి వదిలేసినవేవి? ఏ టూలూ చెప్పదు. వడ్డీ లెక్కే తీసుకోండి. మేత డీలర్ల కాపీలో 365 రోజుల లెక్కన వడ్డీ పడుతోంది. మిల్లుల కాపీలో నెలకు నూటికి ఇన్ని రూపాయలని, నెలంటే 30 రోజులని. చూడగానే ఒకటి బగ్ అనిపిస్తుంది. మిల్లు గుమస్తాను అడిగితే రైతుతో మాట్లాడుకునేది నెల వడ్డీయేననీ, రోజుల లెక్కేస్తే ఎవరూ ఒప్పుకోరనీ చెప్పారు. అలా రెండూ ఫీచర్ల చెట్టులో ఉండిపోయాయి, ఒకటి ఎంచుకుంటే రెండోది పోయేలా. బిల్లు హెడ్డింగులో తేడాలు, హమాలీని రౌండ్ చేయడంలో తేడాలు మాత్రం ఎవరూ అడిగినవి కావు. వాటిని ఒకే రకంగా చేసేశాం.

కోడ్ వైపు యాంటెన్నా ప్రీప్రాసెసర్ (కంపైల్ చేసే ముందు కోడ్‌లో ఏ లైన్లు ఉండాలో తేల్చే టూల్) ఎంచుకున్నాం. ఉన్న కోడ్‌లోనే కామెంట్లతో ఫీచర్ హద్దులు గీస్తే చాలు, ఫైళ్లు విడగొట్టక్కర్లేదు. పాత కోడ్ నుంచి వచ్చేవాళ్లకు ఇదే తేలిక. దీని లోటూ చెప్పాలి. మిల్లు కాన్ఫిగరేషన్ (మిల్లు కోసం ఎంచుకున్న ఫీచర్ల కూర్పు) నుంచి మేత డీలర్‌కు మార్చగానే అక్కర్లేని లైన్లను అదే ఫైల్‌లో కామెంట్ చేసేస్తుంది. దాంతో ఒక్క అక్షరం రాయకపోయినా, కోడ్ మార్పులను గుర్తుపెట్టే గిట్‌లో ఫైళ్లన్నీ మారినట్టు కనిపిస్తాయి. కమిట్ చేసే (మార్పులను గిట్‌లో భద్రపరిచే) ముందు ఎప్పుడూ మిల్లు కాన్ఫిగరేషన్‌కు రావాలని నియమం పెట్టుకున్నాకే ఆ గోల తగ్గింది. మూడు ఫీచర్లు ఒకదాంట్లో ఒకటి దూరిన చోట కోడ్ చదవడం ఇప్పటికీ కష్టమే. అలాంటివి వేరే క్లాసుల్లోకి తీస్తున్నాం.

టెస్టింగ్‌లో ఫీచర్‌ఐడీఈ బాగా ఆదుకుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ఐచ్ఛిక ఫీచర్లుంటే 10,48,576 రకాల ప్రొడక్టులు అవుతాయి. అన్నీ టెస్ట్ చేయడం ఎవరి తరమూ కాదు. ఏ రెండు ఫీచర్లు తీసుకున్నా వాటి కలయికలన్నీ ఎక్కడో ఒకచోట వచ్చేలా కొద్దిపాటి కాన్ఫిగరేషన్లను ఇదే ఎంచి ఇస్తుంది. మేం రిలీజుకు ముందు వాటినే నడుపుతాం.

మొదలుపెట్టేవాళ్లు అన్ని కాపీలనూ ఒకేసారి కలపకండి. బాగా దగ్గరగా ఉన్న రెంటితో మొదలుపెట్టండి. పాత కాపీలో వేసిన బిల్లులనే కొత్తదాంట్లో వేసి పైసాతో సహా సరిపోయాయో లేదో చూడండి. దాళ్వా ధాన్యం మిల్లుకు చేరే రోజుల్లో మాత్రం దేన్నీ కదపొద్దు. సార్వాకు ముందు ఖాళీగా ఉండే వారాల్లోనే మేం మార్పులు పెట్టాం.

మీ టీమ్ ఎక్లిప్స్ వాడకపోతే ఇది అంత సుఖంగా ఉండదు. జావాలో రాస్తూ, ఒకే సరుకును నలుగురికి నాలుగు రకాలుగా అమ్మేవాళ్లకైతే ధైర్యంగా చెబుతాను, వాడండి. కడియం నర్సరీలకు ఇచ్చిన కాపీని మాత్రం మేం విడిగానే ఉంచాం. లాగిన్, ప్రింటింగ్ తప్ప దానిలో మిగతావాటితో కలిసేది ఏమీ లేదు.