తోట రైలు పెట్టెలకు కొత్త రంగు: నాలుగు ఎండాకాలాల తర్వాత

తోటలో నడిపే బొమ్మ రైళ్ల జర్మన్ బ్రాండ్ ఎల్‌జీబీ రెండు ఇరుసుల పెట్టెలు నాలుగు. వాటికి మన పాత రైళ్లను తలపించే ఎరుపు వేసి నాలుగు ఎండాకాలాలు గడిచాయి. సెలవు రోజుల్లో పొద్దున నుంచి సాయంత్రం దాకా హైదరాబాద్ ఎండలో తిరుగుతాయి, రాత్రికి లోపలికి వస్తాయి. ఇప్పుడు రెండు బాగున్నాయి, ఒకటి వెలిసింది, ఒకటి పెచ్చులూడింది. తేడా అంతా రంగులో, ప్రైమర్‌లో ఉంది.

ఈ పెట్టెలే ఎందుకంటే, పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు, స్కేలు 1:22.5, అంటే అసలు రైలులో 22.5వ వంతు. వెయ్యి మిల్లీమీటర్ల మీటర్ గేజ్‌ను ఈ స్కేలుకు కుదిస్తే 44.4 వస్తుంది, అంటే దాదాపు సరిపోయినట్టే. సికింద్రాబాద్–మన్మాడ్ లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల పోలిక తేవచ్చు. పెట్టె ఆకారం మాత్రం యూరప్‌దే. రంగుతో అది మారదు.

వెలిసిన పెట్టెకు వేసింది మెరిసే ఎరుపు. రెండో ఏటికే ఎండ పడే వైపు గులాబీ ఛాయకు దిగింది. బాగున్నవాటికి వేసింది గోధుమ కలిసిన ఎరుపు, ఐరన్ ఆక్సైడ్ పిగ్మెంట్‌ది. ఆక్సైడ్ అంటే తుప్పే కదా, దాన్ని ఎండ ఇంకేం చేస్తుంది! కార్లకు టచప్ కోసం అమ్మే యాక్రిలిక్ స్ప్రేల్లో ఈ ఛాయ దొరుకుతుంది.

పెచ్చులూడిన దానికి వాడింది గేట్లకు, గ్రిల్స్‌కు కొట్టే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. అది ఇనుము కోసం చేసింది. ప్లాస్టిక్‌ను పట్టుకోదు, పైగా మందంగా పడి రివెట్లను పూడ్చేస్తుంది. ప్లాస్టిక్ ప్రైమర్ స్ప్రే 400 ఎం.ఎల్. డబ్బా మూడు పెట్టెలకు వస్తుంది. ఆ ఖర్చు దగ్గర పొదుపు వద్దు.

పని మొదలుపెట్టే ముందు పైకప్పు, కిటికీ అద్దాలు, చక్రాలు అన్నీ విప్పేయాలి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చాలా అచ్చు అక్షరాలు కూడా దాంతోనే ఊడివస్తాయి. అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్దితే చాలు.

స్ప్రే 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, పల్చటి కోట్లు మూడు, కోటుకూ కోటుకూ పది పదిహేను నిమిషాలు. మే నెల మధ్యాహ్నం కొడితే రంగు పెట్టెను చేరేలోపే గాల్లో ఆరిపోయి ఎమరీ కాగితంలా గరుకు తేలుతుంది. వానాకాలపు తేమలో కొడితే పాలపొర కమ్ముతుంది. ఎండాకాలంలో పొద్దున ఏడు తొమ్మిది మధ్య వేళ మంచిది.

కిటికీల కింద మీగడ రంగు పట్టీ కావాలంటే ముందు మీగడ రంగే వేయాలి, దాని మీద టేపు, ఆపైన ఎరుపు. చెక్కపలకల గీతలున్న పెట్టెల్లో ప్రతి గాడిలోనూ టేపు కింద చిన్న ఖాళీ మిగులుతుంది. ఎరుపు అందులోంచి పాకి, పట్టీ అంచు రంపం పళ్లలా తయారవుతుంది. పుల్ల మొనతో టేపును ప్రతి గాడిలోకీ నొక్కాలి. తర్వాత టేపు అంచు మీదే మళ్లీ ఒక పల్చటి మీగడ కోటు కొట్టాలి. అది ఆ ఖాళీలను మూసేస్తుంది, పాకినా మీగడ మీద మీగడే. ఎరుపు చేతికి అంటడం మానగానే, పూర్తిగా గట్టిపడకముందే, టేపును వెనక్కి మడిచి మెల్లగా లాగాలి.

నంబర్ల డెకాల్స్ (అచ్చు వేసిన పల్చటి అతుకు పొరలు) మెరిసే ఉపరితలం మీదే అతికించాలి. మ్యాట్ మీద అయితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. వాటిపైన టూకే క్లియర్, అంటే గట్టిపరిచే హార్డెనర్ కలిసిన రంగులేని వార్నిష్, రెండు కోట్లు. నాలుగేళ్లు నిలిచింది ఇదే. కానీ ఇందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, కరోనా నాటి మాస్కులు పనికిరావు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, చేతి తొడుగులు లేకుంటే వాడొద్దు. మామూలు క్లియర్‌తో సరిపెట్టుకుని కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టుకోవడం నయం.

పైకప్పుకు లేత బూడిద రంగు వేయండి. నలుపు వేస్తే ఎండను పీల్చి ప్లాస్టిక్ వంకర తిరిగే ప్రమాదం ఉంది. కిటికీ అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తెల్లటి పీవీఏ జిగురు చాలు. ఇరుసు తిరిగే రంధ్రాల్లోకి రంగు పోకుండా దూది కుక్కాలి. పోతే చక్రం బిగుసుకుని ఈడ్చుకుంటూ వస్తుంది.

లోపల దీపాలు పెట్టేవాళ్లు, పై రంగు మొదలుపెట్టకముందే గోడల లోపలి వైపు ఒక కోటు నలుపు కొట్టండి. లేకపోతే రాత్రి కిటికీలతో పాటు గోడలు కూడా కుంపటిలా వెలుగుతాయి. అప్పుడు మళ్లీ అద్దాలన్నీ ఊడదీయాల్సిందే.