వాలుగకి గాలం వేసేవాళ్ళ కోసం: హుక్కు తెంపే చిన్న బోల్ట్ కట్టర్, చాలా కాలం వాడాక

పళ్ళున్న చేపలకి గాలం వేసేవాళ్ళ సంచిలో పొడుగు ముక్కు ప్లయర్, సన్న పట్టకారు లాంటి ఫోర్సెప్స్, చేప దవడని పట్టుకునే లిప్ గ్రిప్ ఎలాగూ ఉంటాయి, వాటి సైజులూ స్టీలు రకాలూ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. నేను చెప్పేది 8 అంగుళాల చిన్న బోల్ట్ కట్టర్ గురించి, అది కూడా ఒకే ఒక్క పని గురించి, హుక్కుని తెంపడం. ప్లయర్ మర్చిపోయినా ఎలాగోలా సర్దుకుంటాను గానీ ఇది లేకపోతే మాత్రం ఒకే కాడకి మూడు ముళ్ళుండే ట్రెబుల్ హుక్కులున్న ల్యూర్, అంటే ఉత్తుత్తి ఎర, నీళ్ళలో వెయ్యను.

వాలుగ నోరు చూసినవాళ్ళకి విషయం అర్థమయ్యే ఉంటుంది. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది, లోపల సన్న పళ్ళు వరసలు వరసలుగా, కొనలు గొంతు వైపు తిరిగి ఉంటాయి. వేలు లోపలికి హాయిగా పోతుంది, బయటికి లాగేటప్పుడే తోలు లేచిపోతుంది. కొరమేను బాధ వేరు, నోరు బిగించేస్తుంది, పైగా ఒళ్ళంతా జిగట, ఒక్క మెలిక తిరిగిందంటే పట్టు జారిపోయి, చేపకి దిగకుండా మిగిలిన ముల్లు మన చేతికి దిగుతుంది. అసలు నాకు పళ్ళ కంటే భయం ఇదే, ఒక ముల్లు చేపకి, ఇంకో ముల్లు మన వేలికి, మధ్యలో చేప ఎగిరెగిరి పడుతూ ఉండటం. అలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది చేపనీ చేతినీ విడదీయడం, అది ప్లయర్‌తో అయ్యే పని కాదు, కట్టర్‌తో ఒక్క నొక్కుడు. వేల్లో దిగిన ముక్క సంగతి తర్వాత డాక్టర్ చూసుకుంటాడు.

నాకు దీని విలువ తెలిసింది మాత్రం ఓ పెద్ద వాలుగ దగ్గర. వెలుగు తగ్గిపోతోంది, ల్యూర్‌కి రెండు ట్రెబుల్ హుక్కులు, ముందుది పై దవడలో దిగింది, వెనకది కింది దవడ లోపల మొప్పలకి దగ్గరగా దిగింది, చేప నోటికి తాళం పడినట్టయింది. ముందు హుక్కుని ప్లయర్‌తో తిప్పుతుంటే వెనకది ఇంకా లోపలికి పోతోంది, వెనకదాన్ని అందుకుందామంటే ల్యూరే అడ్డం. నోరు తెరిచే స్ప్రింగు ఉంది గానీ రెండు దవడలూ ల్యూర్‌కే బిగుసుకుపోతే దాన్ని ఎక్కడ పెట్టేది? ఫోర్సెప్స్ పెడితే హుక్కుని పట్టుకుంది, కానీ తిప్పేసరికి ఫోర్సెప్సే వంగింది. పోనీ తంగూసు తెంపి వదిలేద్దామా అంటే, ఒంటి హుక్కు లోతుగా మింగినప్పుడు అలా వదిలెయ్యడం మంచిదే, కానీ నోరు మూసుకుపోయిన చేపని ల్యూర్‌తో సహా వదిలితే అది తినలేక చస్తుంది.

చేపని నెట్‌లో నీళ్ళలోనే ఉంచి, కట్టర్ తీసి, ముందు ట్రెబుల్ కాడ కనిపిస్తున్న చోట పెట్టి నొక్కా. టక్కున తెగింది. ల్యూర్ ఒక వైపు వదిలేసింది, నోరు తెరుచుకుంది. అప్పుడు వెనక హుక్కు కనపడింది, దాన్ని వంపు దగ్గర తెంపాక ముళ్ళు దేనికవి విడిపోయాయి, ఇక పొడుగు ప్లయర్‌తో ఒక్కోటీ వచ్చిన దారినే వెనక్కి తిప్పితే వచ్చేశాయి. ఇంత సేపట్లో నా చెయ్యి ఒక్కసారి కూడా దాని నోట్లోకి పోలేదు. తోక మొదట్లో పట్టుకుని నీళ్ళలో నిలబెడితే కాసేపటికి మొప్పలు సరిగ్గా ఆడించి తనంతట తనే విదిలించుకుని పోయింది. కొరమేను గాలి పీల్చుకోగలదు, గట్టు మీద కొంచెం ఆలస్యమైనా తట్టుకుంటుంది, వాలుగకి ఆ సౌకర్యం లేదు. పైగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో వాలుగని అంతరించే ముప్పున్న జాతుల్లో పెట్టారు, అందుకే ఆ రోజు ఎంత సంతోషమేసిందో మాటల్లో చెప్పలేను.

11 అంగుళాల ప్లయర్ ఒక్కటి చాలు అని అడిగిన ప్రతివాళ్ళకీ చెప్తుంటాను, ఆ మాట ఒంటి హుక్కు గాలాల వరకూ ఇప్పటికీ నిజమే. దాని మొదట్లో ఉండే కత్తెర అంచు మాత్రం తంగూసుకీ సన్న వైరుకీ తప్ప గట్టి హుక్కుకి పనికిరాదు, గాటు పడుతుంది అంతే. లిప్ గ్రిప్ కూడా మంచిదే గానీ పెద్ద చేపని దాంతో నిలువునా వేలాడదీయొద్దు, ఒంటి బరువంతా దవడ మీద పడుతుంది, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాల్సిందే.

కట్టర్‌లో లోపాలు లేవని కాదు. ముక్కు మొద్దుగా ఉంటుంది, చిన్న కొరమేను నోట్లో అసలు పట్టదు. కప్ప ల్యూర్లకుండే లావు జంట హుక్కు తెంపితే అంచుకి చిన్న గాటు పడింది, అప్పట్నుంచి సన్న హుక్కులు ఆ గాట్లో ఇరుక్కుంటున్నాయి, కాస్త పక్కకి జరిపి పెట్టుకోవాలి. తెగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు, నీళ్ళలో ముంచి తెంపడమో కళ్ళద్దాలు పెట్టుకోవడమో తప్పదు. కీలు దగ్గర తుప్పు పట్టేస్తుంది, తుడిచి నూనె చుక్క వెయ్యకపోతే తర్వాతిసారి రెండు చేతులూ కావాలి. వాడిన ప్రతిసారీ ఒక హుక్కు పోతుంది, నాకైతే అది లెక్క కాదు.

నేను ఎక్కువగా గట్టు మీంచి, ఒక్కణ్ణే, ట్రెబుల్ హుక్కులతో ఆడి వాలుగని వదిలేసే రకం, కాబట్టి నాకు ఇది తప్పనిసరి. ఎర గుచ్చి ఒంటి గాలం వేసేవాళ్ళు, చేపని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు దీనికి డబ్బు పెట్టాలని నేను అనను. హుక్కు మొన దగ్గర ఊడిరాకుండా వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ముందే ప్లయర్‌తో నొక్కేసి వాడేవాళ్ళకి కూడా అవసరం బాగా తక్కువే పడుతుంది. కొనేవాళ్ళు మాత్రం మీరు వాడే హుక్కే ఒక పాతది జేబులో వేసుకెళ్ళి, ఒంటిచేత్తో తెగుతుందో లేదో అక్కడే చూసుకోండి, ఎందుకంటే రెండో చెయ్యి చేప మీద ఉంటుంది.