గురకకి డెంటిస్ట్ చేసిచ్చిన మౌత్‌పీస్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, ఇది పనిచేస్తుంది. కానీ కొనుక్కుని నోట్లో పెట్టుకుంటే పనైపోయే వస్తువు కాదు. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ అప్నియాకి, మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ బదులు, డెంటిస్ట్ నా పళ్ల కొలతలు తీసి చేయించిన మౌత్‌పీస్ పెట్టుకునే కొన్నేళ్లుగా పడుకుంటున్నాను. మొదటి స్లీప్ టెస్టులో గంటకి 22 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. మౌత్‌పీస్ కుదిరాక, దాన్ని పెట్టుకునే మళ్లీ టెస్టు చేయించుకుంటే 6 వచ్చింది. గంటకి 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం అని లెక్క. అంటే నాకు పూర్తిగా పోలేదు. అయినా పొద్దున్నే తల దిమ్ముగా ఉండటం, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడటం పోయాయి, నాకు కావాల్సింది అదే.

ఇందులో కిటుకు చాలా సులువు. నిద్రలో, ముఖ్యంగా వెల్లకిలా పడుకున్నప్పుడు, కండరాలు వదులై నాలుక గొంతులోకి జారుతుంది. ఇరుకైన దారిలో గాలి దూరేటప్పుడు మెత్తటి భాగాలు అదిరితే గురక, దారి మూసుకుపోతే అప్నియా. నాలుకను ముందుకు లాగే కండరం కింది దవడ ఎముకకే అతుక్కుని ఉంటుంది కాబట్టి, దవడను కాస్త ముందుకు జరిపి అక్కడే పట్టుకుంటే నాలుక కూడా దాంతో పాటు వస్తుంది, వెనకాల దారి తెరుచుకుంటుంది.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, మా డెంటిస్ట్ వెళ్లగానే కొలతలు తీయలేదు. స్లీప్ డాక్టర్ రిపోర్టు అడిగి చూశారు, నాలుక అంచుల మీద పళ్ల గుర్తులు ఉన్నాయని చూపించారు, తర్వాత ఒక్కో పంటి చుట్టూ చిగురు ఎంత లోతుకి వదిలిందో కొలిచారు. పాచి తీసి, పుచ్చిన దవడ పన్ను ఒకటి నింపి, చిగుళ్ల నుంచి రక్తం రావడం ఆగాకే పని మొదలుపెట్టారు. రాత్రంతా దవడ బరువు పళ్ల మీదే పడుతుంది, వదులైన పళ్లకి దీన్ని తగిలిస్తే అవి ఇంకా కదులుతాయి. ఇంకో సంగతి, నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లకి ఉమ్మి ఆరిపోతుంది, ఉమ్మి లేకపోతే పళ్లు త్వరగా పుచ్చుతాయి. ఎంత తోమినా పళ్లు పాడవుతున్నాయని బాధపడేవాళ్లు ఒకసారి తమ నిద్ర గురించి కూడా ఆలోచించాలి.

స్లీప్ టెస్టు లేకుండా గురకకి మౌత్‌పీస్ ఇచ్చేస్తామనే చోటికి మాత్రం దయచేసి వెళ్లకండి. శబ్దం తగ్గిపోయి లోపల ఊపిరి ఆగడం అలాగే ఉంటే, పక్కన పడుకున్నవాళ్లకి కూడా తెలియదు. గురకైనా ఉంటే ఎవరో ఒకరు గమనిస్తారు.

అసలు ఓపిక కావాల్సింది సెట్టింగ్ దగ్గర. రెండు పక్కలా చిన్న స్క్రూలు ఉంటాయి, సన్నటి పిన్నుతో తిప్పితే కింది భాగం మిల్లీమీటర్‌లో ఏదో చిన్న వంతు ముందుకు జరుగుతుంది. కొన్నాళ్లు అలా వాడి, దవడ అలవాటు పడ్డాక మళ్లీ కొంచెం. తొందరపడి ఎక్కువ తిప్పితే చెవి ముందు కీలు దగ్గర నొప్పి పట్టుకుంటుంది, తక్కువైతే గురక పోదు. మరిగే నీళ్లలో మెత్తబరిచి కొరికితే ఆకారం వచ్చే రెడీమేడ్ రకం కూడా నేను వాడి చూశాను. లావుగా ఉంటుంది, నిద్రలో ఊడిపోతుంది, ఇంత సన్నగా జరిపే వీలు అందులో లేదు.

ఇబ్బందులు ఉన్నాయి, దాచను. మొదట్లో దిండు తడిసేంత చొంగ కారేది, అది తగ్గింది. పొద్దున తీయగానే దవడ పళ్లు ఒకదానికొకటి అందవు, ముందు పళ్లు మాత్రమే తగులుతాయి, ఆ కాసేపు నమలడం కుదరదు. దానికోసం ఒక చిన్న ప్లాస్టిక్ అచ్చు ఇచ్చారు, దాన్ని కొరికి పట్టుకుని కొంతసేపు ఉంటే దవడ వెనక్కి సర్దుకుంటుంది. దీన్ని రోజూ చేయాల్సిందే. అయినా ఇన్నేళ్లలో నా పళ్ల వరస కొంచెం మారింది, పై పళ్లకి కింది పళ్లకి మధ్య ఉండే ఎడం తగ్గి ఇప్పుడు అంచులు దాదాపు కలుస్తున్నాయి. ఊపిరి సాఫీగా ఆడుతున్నందుకు ఆ మార్పుని నేను ఒప్పుకున్నాను, మీరు ఒప్పుకుంటారో లేదో ముందే ఆలోచించుకోండి.

అప్నియా తీవ్రంగా ఉన్నవాళ్లకి సీప్యాపే మొదటి దారి, ఇది చూసి ఆ మిషన్ పక్కన పెట్టేయకండి. పట్టు దొరికేన్ని గట్టి పళ్లు లేనివాళ్లకి, దవడ కీలు నొప్పి ముందే ఉన్నవాళ్లకి కూడా ఇది కుదరకపోవచ్చు.

శుభ్రం చేయడం తేలికే. చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్. వేడి నీళ్లు తగిలితే ఆకారం పోతుంది, టూత్‌పేస్ట్‌తో తోమితే గీతలు పడి వాసన పడుతుంది. కొత్తగా ఏ పంటికైనా క్యాప్ వేయించుకోవాల్సి వస్తే, ఆ పని మొదలుపెట్టకముందే మౌత్‌పీస్ తీసుకెళ్లి డెంటిస్ట్‌కి చూపించండి, లేకపోతే ఆ పంటి దగ్గర అది మళ్లీ ఎక్కదు.