లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఎన్ఎల్ఆర్ చూడాలా, గ్లాస్గో స్కోరు చూడాలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించినా చాలు, ఎన్ఎల్ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే రెండు రకాల తెల్లరక్తకణాల నిష్పత్తి) లెక్క ఆ కాగితంలోనే దొరుకుతుంది. న్యూట్రోఫిల్స్ 72, లింఫోసైట్స్ 18 ఉంటే భాగించండి: 4. అదనపు ఖర్చు లేదు. లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఈ సంఖ్య ఎక్కువున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువని, ఆయుష్షు తక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. చిక్కల్లా గీత ఎక్కడ గీయాలన్నదే. ఒకరు 2 అంటే ఇంకొకరు 5 అంటారు. పైగా బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్ వాడినా పెరిగిపోతుంది.

గ్లాస్గో స్కోరుకు (రక్తపరీక్షలతో జబ్బు ఎటు పోతుందో అంచనా వేసేది, కోమా స్కోరు కాదు) గీత ఖాయం. సీఆర్పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు, ఆల్బుమిన్ (రక్తంలోని మరో ప్రొటీన్) డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తగ్గితే ఇంకొకటి. (మార్కులు ఎక్కువొస్తే బాధపడాల్సిన పరీక్ష ఇది.) కానీ ఈ రెండింటినీ తయారుచేసేది లివరే! సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ముదిరితే ఆల్బుమిన్ ఎలాగూ పడిపోతుంది, తప్పు కణితిదో కాదో తేలదు.

అందుకే సిరోసిస్ ఉన్నవాళ్ల విషయంలో నేను ఎన్ఎల్ఆర్ వైపే మొగ్గుతాను, జ్వరం లేని రోజు తీసిన రక్తమైతేనే. విశాఖలో సర్జన్ దగ్గరికి రెండు రిపోర్టులూ పట్టుకెళ్లండి. కణితి సైజు, అది రక్తనాళాల్లోకి పాకిందా లేదా అన్నది ఆయన చెప్పకముందే ఈ అంకెలు చూసి టెన్షన్ పడొద్దు.